ఊపిరి నేర్పను పోయి వల లాగొచ్చినాం

మా ఇంట్లో డిగ్రీ పాసయిన మొదటి మనిషిని నేను. ఈ మాట నేనే డప్పు కొట్టుకుంటున్నానని అనుకోబాకండి. పాలు పోసే ఆమె నించి బస్సు కండక్టరు దాకా అందరికీ మా నాయనే చెప్పేసినాడు. ఆత్మకూరు పక్కన మా ఊరు, మూడెకరాల వరి. మా తాతది వేలిముద్ర, మా నాయనది అయిదో తరగతి, నాది బీఎస్సీ. ఆ పైన నెల్లూరులో ఒక ఏడాది యోగా డిప్లొమా కూడా చేసినా. డిగ్రీకి వీధంతా మలై కాజా పంచిన మా నాయన, డిప్లొమా సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.

"ఊపిరి పీల్చుకునేది నేర్పించే ఉద్యోగమా? అది పుట్టినప్పుడే వస్తాది గదమ్మా!" అంటాడు.

డిప్లొమాలో మాకు చెప్పిన మేడం ఒక మాటన్నారు. సముద్రం పక్క ఊళ్లల్లో పిల్లలకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ కలిపి ఆదివారం క్లాసులు పెట్టాలని ఆమె కోరిక. "నువ్వు పోయి మూడు చోట్ల ఒక్కో క్లాసు చెప్పి చూసిరా. వాళ్లు కావాలంటే ఆ పని నీదే" అన్నారు. నాకైతే అప్పుడే ఉద్యోగం వచ్చేసినట్టే ఉంది.

మా నాయన మాత్రం షరతు పెట్టినాడు. "మూడు చోట్లలో ఒక్క ఇల్లు, ఒకే ఒక్క ఇల్లు, మళ్లీ రామ్మా అని పిలిస్తే నువ్వు చెప్పినట్టే. లేదంటే బ్యాంకు పరీక్షకి కోచింగులో చేరాల."

"సరే నాయనా."

"ఊరికే సరే కాదు. నేనే బండి మీద తీసకపోతా. పిలిచినారో లేదో నా చెవులతో నేను వినాల."

కోతలయిపోయినాయి, ఆయనకీ పని లేదు. వెనక నేను, నా వీపున చుట్టిన మ్యాటు, ముందు పెట్రోలు ట్యాంకు మీద మా అమ్మ కట్టిచ్చిన పులిహోర మూట. ఇట్ట బయల్దేరినాము.

బిట్రగుంట: గూడ్సు బండి లెక్క

నెల్లూరులో ఆగి కారం దోశ తిన్నాము, నలభై రూపాయలు. మా నాయన రెండు తిని, "ఈ కారానికి ఊపిరి దానంతటదే ఆడతాది, నువ్వు నేర్పించబళ్లా" అన్నాడు. రోజు అట్ట మొదలయింది.

బిట్రగుంట రైల్వే కాలనీలో పాత క్వార్టర్లు చూడాల్సిందే. ఎత్తు గుమ్మాలు, మందం గోడలు, ఇంటి ముందర మిద్దెంత ఎత్తు వేపచెట్లు. మా ఊళ్లో పగలంటే పగలు, రాత్రంటే రాత్రి. ఇక్కడ అట్ట కాదు. మేం పోయిన ఇంటాయన గూడ్సు బండి నడుపుతాడు. పగలు పదకొండింటికి ఆయనకి అర్ధరాత్రి. ఇంట్లో గిన్నె కింద పెడితే కూడా దూది మీద పెట్టినట్టు పెడతారు. ఆయన భార్య విజయక్క మమ్మల్ని వాకిట్లోనే ఆపి గుసగుసగా అడిగింది.

"ఇందులో మంత్రాలేమన్నా ఉంటాయా పాపా? మేం చర్చికి పోయేవాళ్లం."

"మంత్రాల్లేవక్కా. ముక్కు ఒక్కటే."

ఆమెకి నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది.

వాళ్ల కూతురు లిల్లీ ఆరో తరగతి. పరీక్ష రోజు తెల్లారితే చాలు, ఆ పాపకి కడుపునొప్పి. డాక్టరు చూసి ఏం లేదన్నాడంట. మర్నాడు లెక్కల పరీక్ష, మొహం అప్పుడే వాడిపోయుంది. కళ్లు మూసుకో, ఊపిరి గమనించు అని నేను పుస్తకంలో ఉన్నట్టే మొదలుపెట్టినా. పాప ఒక కన్ను తెరిచి నన్నే చూస్తా ఉంది. అంతలో పట్టాల మీద గూడ్సు బండి వచ్చింది. ఇల్లంతా సన్నగా వణకతా ఉంటే నాకు తట్టింది.

"లిల్లీ, నాలుగు డబ్బాలు పోయిందాకా పీల్చు. ఆరు డబ్బాలు పోయిందాకా వదులు."

పిట్టగోడ మీద వరసగా కూర్చున్నాము. పాప, విజయక్క, నేను. బండి ఎంతకీ అయిపోదే! చివరి డబ్బా పోయేసరికి లిల్లీ భుజాలు కిందికి దిగినాయి, విజయక్క కళ్లు మూసుకోనుంది. మా నాయన కూడా లెక్కపెడతా ఉన్నాడు. నేను చూస్తే, "యాభై ఎనిమిది డబ్బాలు" అన్నాడు, అదేదో రైల్వే వాళ్లకి చెప్పాల్సినంత గట్టిగా.

వచ్చేటప్పుడు విజయక్క నా చెయ్యి పట్టుకుంది. "మళ్లీ రా పాపా. నాకు కూడా నేర్పియ్యాల. కాకపోతే వచ్చే నెల మాకు రాజమండ్రి ట్రాన్స్‌ఫరు."

నేను ఎగిరి గంతేసినా. "విన్నావా నాయనా!"

"ఇల్లే ఉండదంటా ఉంటే యాడికి పోతావు? ఇది లెక్కలోకి రాదు."

మైపాడు: ఉప్పు తక్కువ బజ్జీ

రెండో రోజు సాయంత్రానికి మైపాడు బీచి. నెల్లూరు జనమంతా అక్కడే. కుటుంబం కుటుంబం వచ్చి, ఇసకలో వరసగా కూర్చోని, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటా ఉంటారు. సముద్రాన్ని కూడా ఫోనులోనే చూస్తారు. నేను మ్యాటు పరిచినానో లేదో గాలికి లేచి పరిగెత్తింది. దాని వెనక నేను, నా వెనక మా నాయన, మా ఇద్దరినీ ఫోన్లో తీసేదానికి ఇంకో పదిమంది. తాటిముంజలు అమ్మే ఆయన కాలితో తొక్కి ఆపినాడు. సాయం చేసినాయన కాడ ఊరికే పోతే ఎట్టా అని డజను ముంజలు కొన్నాము, అరవై రూపాయలు.

మేడం చెప్పి పెట్టిన నెల్లూరు కుటుంబం అక్కడే కలిసింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఏంది మేడం అని భర్త అడిగినాడు. నన్ను మేడం అన్నాడు! మా నాయన విన్నాడా లేదా అని తిరిగి చూసుకున్నా. చేసే పని మీదే మనసు పెట్టడమే అండీ, అంతకన్నా ఏం లేదు అని చెప్పినా. మా నాయన పక్కనించి, "నాటేటప్పుడు మనసు నారు మీద లేకపోతే వరస వంకర పోతాది, అదే గదా?" అన్నాడు. అదే. నాకు ఏడాది పట్టింది అది తెలిసేదానికి.

ఫోన్లన్నీ సంచిలో వేయించి, తలా ఒక మిరపకాయ బజ్జీ ఇచ్చినా. ఒక్కో బజ్జీని అయిదు నిమిషాలు తినాల. మాట్లాడకూడదు. వాసన చూడాల, నమలాల, నాలిక్కి ఏం తెలస్తా ఉందో గమనించాల. పిల్లలకి భలే ఆట అయిపోయింది. చిన్నది బజ్జీని చెవి దగ్గర పెట్టుకోని విన్నది. అయిదు నిమిషాలయినాక ఆ భర్త కళ్లు తెరిచి, ఏదో కొత్తగా కనిపెట్టినట్టు, "ఉప్పు తక్కువయింది" అన్నాడు.

బజ్జీల బండి ఆమె జల్లెడ గంటె పైకెత్తింది. "ఇన్నేళ్లుగా అమ్ముతున్నా, ఒక్కడు ఆ మాట అనలా! ఏం పిల్లా, నీ యోగాకి నా బేరమే దొరికిందా?"

మా నాయన నవ్వు పట్టలేక ఇసకలో కూలబడినాడు. ఆమె ఒక బజ్జీ తుంచి నోట్లో వేసుకోని, గమ్మున పిండిలో ఇంకో పిడికెడు ఉప్పు వేసింది. తరవాత వాయి బ్రహ్మాండంగా ఉంది.

పోతా పోతా ఆ పిల్లల తల్లి నాతో, "పెళ్లయినాక ఈయన నా పక్కన కూర్చోని ఫోను చూడకుండా తినింది ఇదే మొదటిసారి, బాగుంది" అని నవ్వింది. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. బీచికి వచ్చినోళ్లు ఎవరిని యాడికి రమ్మంటారు?

అప్పుడే లిల్లీ ఫోను చేసింది. "అక్కా, పేపరు ఇచ్చేటప్పుడు గూడ్సు బండి తలుచుకున్నా. కడుపునొప్పి రాలా. ఒక్క లెక్క మాత్రం రాలా." ఫోను స్పీకర్లో పెట్టి మా నాయనకి వినిపించినా. ఆయన ముంజలు వొలిచి నాకు రెండు ఎక్కువ ఇచ్చినాడు.

వాకాడు దాటినాక: నేను చేసిన తప్పు

మూడో రోజు పోర్టు రోడ్డు పట్టుకోని దక్షిణానికి పోయినాము. లారీ మీద లారీ. ప్రతి లారీని మా నాయన పేరుపేరునా తిట్టినాడు. కోట దగ్గర పంక్చరు కూడా అయింది, దానికి కూడా లారీలనే తిట్టినాడు. ఆయనకి బీపీ ఉంది. ఊపిరి వదులు నాయనా అంటే, "వదిలితే బండి ఎవురు తోలేది?" అంటాడు.

వాకాడు దాటి సముద్రం దాకా పోతే చేపలు పట్టేవాళ్ల పాళెం ఒకటుంది. సరుగుడు తోపులు, ఇసకలో ఎక్కించిన బోట్లు, పాత వలల మీద ఆరబోసిన వేలంత నెత్తళ్ల చేపలు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరితే ఇక్కడ వంటింట్లో గిన్నెలు దడదడలాడతాయంట. మధ్యాహ్నం బోట్లు లోపలికి పోయినాయి, మళ్లీ తెల్లారినాకే రావడం. పాళెంలో ఆడవాళ్లు, పిల్లలు, ముసలోళ్లు.

మాకు ఇల్లు చూపించింది శాంతి అనే ఆమె, నాకంటే నాలుగేళ్లు పెద్దది ఉంటాది. ఆమె కూతురు గంగకి ఆరేళ్లు. ఈ పాపది ఒక కత. వాళ్ల నాన్న సముద్రం మీద ఉన్నంతసేపు నిద్రపోదు. గడప మీద కూర్చోని తెల్లార్లూ సముద్రం వైపే చూస్తాది. బడిలో తల వాల్చేస్తాదని టీచరు రోజూ ఫిర్యాదు.

"పండుకోబెడితే లేచి కూర్చుంటాది చెల్లీ. ఏమే అంటే, నేను నిద్రపోతే నాన్నని ఎవురు చూస్తా ఉంటారు అంటాది" అని శాంతి చెప్పింది. ఈ పాప కోసమన్నా ఈ క్లాసు బాగా చెప్పాలనుకున్నా.

ఒడ్డున ఇరవై మంది పిల్లలు, పది పన్నెండు మంది తల్లులు చేరినారు. పది నించి వెనక్కి లెక్కపెడతా మెల్లిగా ఊపిరి వదలండి అన్నా. పది, తొమ్మిది, ఎనిమిది... ఎంత నెమ్మదిగా, ఎంత బుద్ధిగా! సున్నా అనంగానే ఇరవై మందీ "పోయిందీ!" అని అరిచి చేతులు పైకెత్తి ఎగిరినారు. రాకెట్టు పిల్లలు గదా! తల్లులు ఒకరి మీద ఒకరు పడి నవ్వినారు. నాకు హుషారెక్కింది. మూడు చోట్లలో ఇదే నా చోటు అనుకున్నా.

ఆ హుషారులోనే తప్పు చేసినా. చివర్లో అందరినీ తడి ఇసకలో వరసగా వెల్లకిలా పండుకోమన్నా. చేతులు పక్కన, కాళ్లు ఎడంగా, కళ్ల మీద తువ్వాలు. కదలకుండా, మెదలకుండా. యోగా క్లాసు ఎక్కడైనా ఇట్టే ముగిస్తారు. పిల్లలు పండుకున్నారు. తల్లులు మాత్రం మొహమొహాలు చూసుకున్నారు. నేను సరిగ్గా పట్టించుకోలా.

"లెయ్యండి! లెయ్యండి ముందు!"

ఎత్తు ఇసక మీద నించి ఒక ముసలామె పరిగెత్తి వస్తా ఉంది. కొంగు గాలికి ఎగరతా ఉంది. ఆమె కావేరమ్మ, శాంతికి అత్తగారి అమ్మ. వచ్చీ రాంగానే గంగని రెక్క పట్టుకోని లేపింది.

"ఏం పిల్లవే నువ్వు? మగోళ్లు గంగమ్మ తల్లి మీద, సముద్రంలో ఉండంగా బిడ్డల్ని ఇట్ట వరసగా పండబెడతావా? మొహాన గుడ్డ కప్పి? చదువుకున్నావంట, ఇదేనా చదువు!"

శాంతి నా చెవిలో చెప్పింది. ఎప్పుడో ఒక తుఫాన్లో పోయినవాళ్లని ఈ ఒడ్డునే, ఇట్టే, వరసగా పండబెట్టినారంట. కావేరమ్మ పెనిమిటి కూడా ఆ వరసలోనే ఉన్నాడంట. అప్పటినించీ బోట్లు లోపల ఉన్నంతసేపు ఒడ్డున ఎవురూ వెల్లకిలా పండుకోరు. ఆడుకునే పిల్లలు కూడా.

ఒక్క నిమిషంలో ఒడ్డు ఖాళీ అయింది. నేను, నా మ్యాటు, మా నాయన మిగిలినాము. చెప్పినాను గదా అంటాడని చూసినా. ఆయన మ్యాటు దులిపి చుట్టినాడు.

"నాటు వంకర పోతే ఏం చేస్తాం?" అన్నాడు.

"పీకి మళ్లీ నాటతాం."

"ఏడిస్తే నారు నిలబడదు గదా. పా, ముందు ఆ పెద్దామెకి దండం పెట్టుకుందాం."

పోయి పెట్టినా. కావేరమ్మ మొహం తిప్పుకుంది. అయినా ఇంటి తలుపు మాత్రం వెయ్యలేదు. శాంతితో, "వాళ్లకి అన్నం పెట్టు. తప్పు చేసినా అతిథే" అంది.

తెల్లారి: కావేరమ్మ పాఠం

మసక మసకగా ఉండంగానే అరుపులు వినపడినాయి. ఒడ్డు నించి లాగే పెద్ద వల ఉంటాది, అలివి వల అంటారు. రాత్రి బోట్లకి పోని ముసలోళ్లు, ఆడవాళ్లు కలిసి దాని తాళ్లు లాగతా ఉన్నారు. మా నాయన చేతులు ఊరుకుంటాయా? పంచె ఎగ్గట్టి తాడు పట్టుకున్నాడు. నేనూ పట్టుకున్నా. గడప మీద గంగ కూర్చోని మమ్మల్నే చూస్తా ఉంది. రాత్రంతా నిద్రపోలేదని ఆ కళ్లే చెప్తా ఉన్నాయి.

పది లాగుళ్లకే మా నాయనకి ఆయాసం వచ్చేసింది. మొహం ఎర్రగా, మెడ నరాలు పైకి తేలి. ముందర లాగతా ఉన్న కావేరమ్మ వెనక్కి తిరిగింది.

"ఏమయ్యా వడ్లు పండించే ఆయనా! ఊపిరి బిగబట్టి లాగితే వల వస్తాదా, ప్రాణం పోతాదా? లాగేటప్పుడు వదులు. అడుగేసేటప్పుడు పీల్చు. పక్కోడి ఊపిరి ఇను. అందరిదీ ఒకటయితే బరువే తెలీదు."

మా నాయన ఆమె చెప్పినట్టే చేసినాడు! ఏడాదిగా నేను చెప్తే విననాయన! ఇంకో పది లాగుళ్లకి మొహం మామూలయింది.

"అవ్వా, నేను నేర్పించేది ఇదే!" అన్నా.

"ఇదే అయితే నిన్న ఇదే చెప్పుండొచ్చు గదా? పండబెట్టింది దేనికి?"

నిజంగానే దేనికి? పుస్తకంలో చివర అది ఉంది గనక. వల ఒడ్డుకొచ్చింది. గుప్పెడు నెత్తళ్లు, నాలుగు పీతలు, ఒక తెగిన చెప్పు. బోట్లు రావడానికి ఇంకా రెండు గంటలుంది. నేను ధైర్యం చేసి అడిగినా.

"అవ్వా, ఇంకొక్కసారి చెప్పనిస్తావా? ఎవురినీ పండబెట్టను. అందరూ కూర్చోనే. సముద్రం వైపు చూస్తానే."

కావేరమ్మ తాడు చుట్టలు చుడతా, "నేను కూడా కూర్చుంటా. తేడా వస్తే లేపేస్తా" అంది.

ఈసారి అయిదారుగురే వచ్చినారు. వీపుకి వీపు ఆనించి జతలుగా కూర్చోబెట్టినా. తల్లీ బిడ్డా ఒక జత. కళ్లు మూసుకోమని కూడా అనలేదు. "మీ వీపుకి తగిలే ఊపిరిని ఇనండి. వల తాడు పట్టుకున్నప్పుడు ఇంటారు గదా, అట్ట. అమ్మ వదిలినప్పుడు మీరూ వదలండి." అంతే చెప్పినా. కావేరమ్మకి జత లేదని మా నాయన పోయి ఆమె వీపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

శాంతి సముద్రం వైపు తిరిగి కూర్చుంది. గంగ మొహం ఊరి వైపు. కాసేపటికి పాప అడిగింది.

"అమ్మా, నువ్వు చూస్తా ఉన్నావా?"

"చూస్తా ఉండా. నువ్వు నా ఊపిరి ఇను."

"నాన్న బోటు కనపడతా ఉందా?"

"కనపడితే వీపు కదిలిస్తా. నీకు తెలస్తాది గదా."

ఇంక పాప అడగలేదు. నేను నూరు దాకా లెక్కపెట్టుంటా. శాంతి నా వైపు చూసి పెదాలతోనే ఏదో అంది. పోయి చూస్తే, గంగ తల వాళ్లమ్మ వీపు మీద వాలిపోయుంది. నోరు కొంచెం తెరుచుకోని, సన్నగా గురక.

"రాత్రంతా మేలుకున్న పిల్ల నిద్రపోక ఏం చేస్తాది?" అని మా నాయన గుసగుసలాడినాడు.

"రోజూ మేలుకోనే ఉంటాది పెద్దాయనా" అంది శాంతి. కళ్లల్లో నీళ్లు. "బోటు ఇసక తగిలేదాకా ఒక్కరోజన్నా రెప్ప వాల్చిన పిల్ల కాదు."

బోటు వచ్చిందాకా శాంతి కదల్లేదు. వీపు నొప్పి పుట్టినా అట్టే కూర్చుంది. వాళ్లాయన బోటు దిగి, నిద్రపోతున్న కూతుర్ని చూసి, ఏమయిందో అని భయపడి పరిగెత్తి వచ్చినాడు. నిద్ర అని చెప్తే నమ్మలా.

కోట దగ్గర టీ అంగడి: గిన్నె

బయల్దేరేటప్పుడు పాళెమంతా వచ్చింది. శాంతి చెయ్యి ఊపింది. గంగ వాళ్ల నాన్న భుజం మీద నించి నవ్వింది. కావేరమ్మ ఒక మూట తెచ్చి మా నాయన చేతిలో పెట్టింది. "దోవలో తినండి" అంది. అంతే. మళ్లీ రమ్మని ఒక్కరూ అనలేదు. ఎప్పుడొస్తావు అని కూడా ఎవురూ అడగలా. నేను చెవులు రిక్కించుకోనే ఉన్నా. బండి తోపు దాటింది.

బ్యాంకు కోచింగు నా కళ్ల ముందర తిరిగింది. అయినా ఏడుపు రాలేదు. ఒక పాప నిద్రపోయింది. ఏ షరతూ దాన్ని నా కాడనించి తీసేసుకోలేదు.

ఒక లారీ మా మీదికి వచ్చినంత పని చేసింది. తిట్లకి సిద్ధమయినా. మా నాయన నోరు తెరిచినాడు, వీపు ఒక్కసారి పైకి లేచింది, మెల్లిగా కిందికి దిగింది. తిట్టలేదు. వెనక కూర్చోని ఉన్న నాకు ఆ ఊపిరంతా తెలిసింది.

టీ అంగడి కాడ ఆగి మూట విప్పినాము. మూత ఉన్న స్టీలు గిన్నె, నిండా చేపల పులుసు, మామిడికాయ ముక్కలేసి. అన్నం వేరే కట్టుంది. అబ్బ, ఆ పులుసు గురించి రాస్తే ఇంకో రెండు పేజీలవుతాది. నేను తినేదానికి ఆత్రపడతా ఉంటే మా నాయన మాత్రం గిన్నెని తిప్పి తిప్పి చూస్తా ఉన్నాడు. అంచు మీద చుక్కలతో పేరు కొట్టించుంది. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివినాడు.

"కా... వే... ర... మ్మ. పేరుండే గిన్నె ఇది."

"అవును నాయనా. తీసుకో, చల్లారిపోతాది."

"పెళ్లిలో ఇచ్చిన గిన్నె అయ్యుంటాది. ఇట్టాంటిది దోవనపొయ్యే వాళ్లకి ఇస్తారా ఎవురన్నా?"

అంగడాయన టీ గ్లాసులు పెడతా మా మాటలు విన్నాడు. "పాళెంలో ఇచ్చినారా? వాళ్లు పొయ్యేవాళ్లని ఎప్పుడొస్తావని అడగరు సామీ. సముద్రం మీదికి పొయ్యే మగోళ్లని అట్ట అడిగితే కీడని భయపడే నోళ్లు. గిన్నె ఇస్తారు. గిన్నె వెనక్కి రావాల గదా."

మా నాయన అన్నం కలిపి, ముళ్లు తీసి, మంచి ముక్క నా వైపు జరిపినాడు. ఇద్దరం గిన్నె అంచులు తుడిచి తినేసినాము. తరవాత ఆయనే అంగడి వెనక కుళాయి కాడికి పోయి గిన్నెని బూడిదతో రుద్ది తోమినాడు. మా ఇంట్లో మా నాయన గిన్నె తోమడం నేను పుట్టినాక చూడలా. పైగుడ్డతో తుడిచి, మూత పెట్టి, పులిహోర మూట ఉన్న చోట ట్యాంకు మీద భద్రంగా కట్టినాడు.

బండి స్టార్ట్ చేసినాక అన్నాడు.

"ఉత్త గిన్నె ఇయ్యకూడదు. ఇంటికోసం పెట్టుకున్న మొలగొలుకుల బియ్యం ఉన్నాయి గదా, నిండా పొయ్యమని మీ అమ్మకి చెప్పు. ఆదివారం ఎన్నింటికి బయల్దేరాల?"